ఎంత గట్టిగా నొక్కుతున్నామో తూచి నేర్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా లేదా అని ఆమధ్య పేపర్లలో, టీవీల్లో పెద్ద గొడవే నడిచింది. నేనూ ఫిజియోథెరపిస్టునే కాబట్టి అందులో నాకూ ఒక పక్షం ఉంది, కానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు. పేరు ముందు ఏమున్నా లేకపోయినా రోగి ఒంటి మీద పడేది మా చెయ్యే కదా. ఆ చెయ్యి ఎంత బరువుతో పడుతోందో మా పిల్లలకు కాలేజీలో తూచి చూపించేవాళ్ళు లేరు. నాకు దీని మీద చాలా రోజులుగా మంటగా ఉంది, అందుకే కాస్త పొడుగైనా రాస్తున్నాను, కత్తిరించి వేసుకున్నా ఫర్వాలేదు.

తెలియని వాళ్ళ కోసం ముందు రెండు మాటలు. రోగి రాగానే మేం చేసే మొదటి పనుల్లో పాల్పేషన్ ఒకటి, అంటే వేళ్ళతో తడిమి, నొక్కి చూడటం. కండ బిగుసుకుందా, వాపు మెత్తగా ఉందా గట్టిగా ఉందా, ఏ వెన్నుపూస దగ్గర నొక్కితే మనిషి ఉలిక్కిపడుతున్నాడు, కీలు ఎక్కడిదాకా కదిలి ఎక్కడ ఆగుతోంది, ఇవన్నీ చేతికి తెలియాల్సినవి. ఎమ్మారైలో డిస్క్ జరిగినట్టు కనిపించినంత మాత్రాన ఇవాళ్టి నొప్పి దాని వల్లే అని చెప్పలేం, నడివయసు దాటిన వాళ్ళలో ఏ నొప్పీ లేకుండానే అలాంటి రిపోర్టులు బోలెడు వస్తాయి. అందుకే చెయ్యి పెట్టి చూడాలి. మరి అంత నమ్ముకున్న చెయ్యి సరిగ్గా చెబుతోందా అన్నది చూసుకోవద్దా?

మల్కాజిగిరిలో నాదొక చిన్న క్లినిక్. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అయిపోయి ఇంటర్న్‌షిప్‌లో ఉన్న పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు వస్తూ పోతూ ఉంటారు. వచ్చిన రోజే నేను చేయించే పని ఒకటుంది. వంటింట్లో పిండి, పంచదార తూచుకునే చిన్న ఎలక్ట్రానిక్ తూకం మిషను టేబుల్ మీద పెట్టి, దాని మీద టవల్ మడిచి వేసి, బటన్ నొక్కి సున్నా చేసి, అంకె వాళ్ళకు కనబడకుండా అట్టముక్క అడ్డం పెట్టి, "బొటనవేలితో రెండు కిలోలు నొక్కమ్మా" అంటాను. ఒకమ్మాయి నొక్కింది ఎనిమిది వందల గ్రాములు. ఆమె పక్కనే నిలబడ్డ అబ్బాయి, అదే కాలేజీ, అదే బ్యాచి, నాలుగున్నర కిలోలు నొక్కాడు. ఇద్దరూ రెండు కిలోలే అనుకున్నారు. పోనీ మళ్ళీ నొక్కమంటే ఎవరి అంకె వాళ్ళకైనా వచ్చిందా అంటే అదీ లేదు. వీళ్ళు మొద్దు పిల్లలేం కాదు, ఏ కండ ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మనం అడగంది వాళ్ళు నేర్చుకోలేదు, అంతే.

దీని వల్ల ఏమవుతుందో ఒక్కటి దగ్గరగా చూపిస్తాను. భుజం పట్టేసిన ఒక పెద్దావిడ. మొదటి రోజు చూసిన అబ్బాయి చెయ్యి బరువు. భుజం ముందువైపు నొక్కగానే ఆవిడ మొహం చిట్లించి చెయ్యి లాగేసుకుంది. కార్డులో రాశాడు, టెండర్నెస్ (నొక్కితే పుట్టే నొప్పి) గ్రేడ్ మూడు అని. మేం రాసే పద్ధతి అదే, నొప్పి అని నోటితో చెబితే ఒకటి, మొహం కూడా మారితే రెండు, ఉలిక్కిపడి లాగేసుకుంటే మూడు, అసలు ముట్టుకోనివ్వకపోతే నాలుగు. వారం తర్వాత ఆ అబ్బాయి సెలవులో ఉంటే ఇంకో అమ్మాయి చూసింది. నొక్కింది. "నొప్పుందా అమ్మా?" "ఉంది గాని అంత లేదు బిడ్డా." కార్డులో గ్రేడ్ ఒకటి అయింది. అంటే వారంలో మూడు నుంచి ఒకటికి దిగింది! ఇంట్లో వాళ్ళకూ సంతోషం, మాకూ సంతోషం. ఆవిడ మాత్రం కౌచ్ దిగుతూ ఒక మాట అంది: "నిన్నటి దాక ఒత్తిన పిలగాడు గట్టిగ ఒత్తుతుండె, నువ్వు పూలు ముట్టుకున్నట్టు ముట్టుకుంటివి."

ఇప్పుడు చెప్పండి, భుజం నయమైందా, చెయ్యి మారిందా? ఆ కార్డు చూసి ఎవరూ చెప్పలేరు. ఆ కార్డు చూసే కదా సిట్టింగులు పొడిగించాలా ఆపాలా, వ్యాయామం పెంచాలా తగ్గించాలా, మళ్ళీ ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి పంపాలా అన్నది తేల్చేది. పెద్ద పెద్ద క్లినిక్‌లలో పది సిట్టింగుల ప్యాకేజీ తీసుకుంటే పది రోజుల్లో ఐదుగురు చేతులు మారతాయి, స్టాఫ్ నిలకడగా ఉండరు, ఇది హైదరాబాద్‌లో అందరికీ తెలిసిందే. ఐదుగురూ ఐదు బరువులతో నొక్కి ఒకే స్కేల్ మీద మార్కులు వేస్తున్నారు. అదే కార్డులో "బొటనవేలితో మూడు కిలోలకు నొప్పి పదికి ఆరు" అని ఉంటే రేపు ఎవరు డ్యూటీలో ఉన్నా అదే మూడు కిలోలు పెట్టి అడుగుతారు, వచ్చిన జవాబుకు అర్థం ఉంటుంది. అలా రాయాలంటే మూడు కిలోలంటే ఎంతో ఆ బొటనవేలికి తెలిసి ఉండాలి.

"ఇదేం చాదస్తం, మన చేత్తో మనం ఎంత నొక్కుతున్నామో మనకు తెలియదా" అనుకుంటారు. తెలియదు. అది మన బద్ధకం కాదు, మెదడు తయారైన తీరే అంత. మన చేతితో మనం చేసే ఒత్తిడిని మెదడు ముందే ఊహించి కొంత తగ్గించి చూపిస్తుంది. 2003లో లండన్‌లో దీని మీద చక్కటి ప్రయోగం జరిగింది. ఇద్దరిని కూర్చోబెట్టి, ఒకరి వేలి మీద ఇంకొకరు నొక్కేలా చేసి, "నీ మీద ఎంత పడిందో సరిగ్గా అంతే తిరిగి నొక్కు" అన్నారు. ఇద్దరూ నిజాయితీగానే నొక్కారు, కానీ నొక్కిన ప్రతిసారీ ఒత్తిడి మూడో వంతుకు పైగా పెరుగుతూ పోయింది. ఎవరికి వాళ్ళకు తాము సమానంగానే ఇస్తున్నామనిపించింది. పిల్లలు కొట్లాడుకుని ఇద్దరూ "నేను మెల్లగానే కొట్టా" అనడం అబద్ధం కాదన్నమాట. రోగి "నొప్పి పెడుతోంది సార్" అంటే "నేను గట్టిగా నొక్కనే లేదే" అనే థెరపిస్టుదీ అబద్ధం కాదు.

ఇంకా వెనక్కి పోతే జర్మనీలో వెబర్ అనే శరీరశాస్త్రజ్ఞుడు 1834లోనే స్పర్శ మీద రాసిన పుస్తకంలో చెప్పాడు, చేతిలో ఉన్న బరువు ఎంత ఎక్కువైతే తేడా తెలియడానికి అంత ఎక్కువ తేడా కావాలని. రెండు వందల గ్రాములు తేడా అర కిలో నొక్కేటప్పుడు వేలికి ఇట్టే తెలుస్తుంది, నడుము మీద పది కిలోలు వేసేటప్పుడు అసలు తెలియదు. దానికి తోడు అలసట. సాయంత్రం అయ్యేసరికి బొటనవేలు పీకుతూ ఉంటుంది (మా వృత్తిలో బొటనవేలి మొదట్లో కీలునొప్పి లేని వాళ్ళు తక్కువ). అలసిన కండరం చిన్న పనికే పెద్ద కష్టం పడినట్టు చెబుతుంది, దాంతో పొద్దున నొక్కినంతే నొక్కుతున్నామనుకుంటూ తక్కువ నొక్కుతాం. పొద్దున వచ్చిన రోగికి ఒక పరీక్ష, సాయంత్రం ఏడు గంటలకు ఆఫీసు నుంచి మెడ పట్టుకుని వచ్చిన రోగికి ఇంకో పరీక్ష.

వైశాల్యం సంగతి కూడా ఉంది. ఐదు కిలోలు అరచేతి అడుగుభాగంతో వేస్తే రోగికి హాయిగా ఉంటుంది. అవే ఐదు కిలోలు బొటనవేలి కొసతో వేస్తే కళ్ళల్లో నీళ్ళొస్తాయి. అందుకే నొప్పిని కొలిచే ఆల్గోమీటర్ అనే పరికరం కొసన ఉన్న రబ్బరు బిళ్ళ సరిగ్గా ఒక చదరపు సెంటీమీటరు ఉంటుంది, అంకె కూడా చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోలని చెబుతుంది. ఎంత బరువుతో అన్నది ఒక్కటే నేర్పితే చాలదు, ఏ భాగంతో అన్నది కూడా నేర్పాలి.

అంకె పెట్టి నొక్కడం వైద్యానికి కొత్తేం కాదు. ఒళ్ళంతా నొప్పులతో తిప్పలు పడే ఫైబ్రోమయాల్జియా జబ్బును నిర్ధారించడానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 1990లో ఒక పద్ధతి పెట్టింది. ఒంటి మీద 18 చోట్ల నాలుగు కిలోల ఒత్తిడితో నొక్కాలి, కనీసం 11 చోట్ల నొప్పి ఉంటే లెక్కలోకి వస్తుంది. నాలుగు కిలోలంటే ఎంత అంటే, నొక్కేవారి బొటనవేలి గోరు తెల్లబడేంత అని గుర్తు కూడా చెప్పుకునేవాళ్ళు. బానే ఉంది కదా. కానీ 2010లో కొత్త ప్రమాణాలు రాసినప్పుడు ఈ నొక్కి లెక్కపెట్టడాన్నే తీసేశారు. తీసేయడానికి చెప్పిన కారణాల్లో ఒకటి, మామూలు డాక్టర్లు దాన్ని చెయ్యడమే అరుదు, చేసినా సరిగ్గా చెయ్యడం లేదు అన్నది. చేతికి శిక్షణ ఇవ్వకుండా అంకె ఒక్కటి పుస్తకంలో రాస్తే ఇలాగే అవుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ షుగర్ పేషెంట్ల పాదం పరీక్ష. ఒక సన్నటి నైలాన్ తీగ పట్టుకుని అరికాలికి ఆనిస్తాం, అది పది గ్రాముల ఒత్తిడి రాగానే వంగిపోతుంది. ఎంత మొరటు చెయ్యి ఉన్నవాడు నొక్కినా అంతకు మించి పడదు. గుంటూరులో చేసినా గోల్కొండలో చేసినా ఒకే పరీక్ష. బొటనవేలికి అలా వంగిపోయే సౌకర్యం దేవుడు ఇవ్వలేదు కాబట్టి నేర్పుకోవాలి.

మా వాళ్ళు వెంటనే మెయిట్‌లాండ్ పేరు ఎత్తుతారు. నిజమే, ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన ఆ పెద్దమనిషి వెన్నుపూసలను కదిపే పద్ధతికి ఒకటి నుంచి నాలుగు దాకా గ్రేడ్లు పెట్టాడు, ప్రపంచమంతా వాటినే చదువుతోంది. కానీ ఆ గ్రేడ్లు కదలిక ఎంత పెద్దది, బిగువు ఎక్కడ తగులుతోంది అన్నదాన్ని బట్టి పెట్టినవి, కిలోలను బట్టి కాదు. అందులో తప్పు పట్టడానికేం లేదు, ఒక్కో వెన్ను ఒక్కోలా బిగుసుకుంటుంది. చిక్కల్లా ఎక్కడంటే, ఒకే గ్రేడ్ పేరు చెప్పి ఇద్దరు థెరపిస్టులు పెట్టే బలాన్ని పరికరాలతో కొలిచి చూస్తే ఒకరిది ఇంకొకరిదానికి కొన్ని రెట్లు ఉంటోంది, అనుభవజ్ఞుల్లో కూడా. ఆ ఆస్ట్రేలియా వాళ్ళే ఇది గమనించి 1990ల మొదట్లోనే విద్యార్థులకు అంకె చూపిస్తూ నేర్పితే చెయ్యి కుదురుకుంటుందని రుజువు చేశారు, తర్వాత న్యూకాజిల్ యూనివర్సిటీలో మెడ మీద పెట్టే బలాన్ని అప్పటికప్పుడు తెర మీద చూపించే ఏర్పాటుతో మళ్ళీ చేసి చూశారు. అక్కడ ఇది పాత సంగతి. ఇక్కడ మన కాలేజీల్లో ఇంకా "కొంచెం గట్టిగా… ఆ, అంతే, ఇంకాస్త" అంటూనే పాఠం అయిపోతోంది. ముప్పై మంది పిల్లలు చుట్టూ నిలబడి మేడమ్ చెయ్యి చూస్తారు. చూస్తే బరువు కనబడుతుందా?

గుండె ఆగిపోతే చేసే సీపీఆర్‌కు ఈ పట్టింపు ఉంది. పెద్దవాళ్ళకైతే ఛాతీ ఐదు సెంటీమీటర్లు తగ్గకుండా, ఆరు దాటకుండా దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు అని లెక్క ఉంది, నేర్పే బొమ్మల్లో సరిగ్గా దిగితే టిక్కుమని చప్పుడో, లైటో వస్తుంది. నర్సింగ్ పిల్లలు ఆ బొమ్మ మీద చెమటలు పట్టేలా చేస్తారు. మేం రోజంతా మనుషుల వెన్ను మీద, మెడ మీద నొక్కే వాళ్ళం, మాకు ఆ బొమ్మ కూడా లేదు.

"అనుభవం మీద అదే వస్తుంది" అని సీనియర్లు అంటారు. వాళ్ళంటే గౌరవమే కానీ ఈ మాట నేను ఒప్పుకోను. అమ్మ చేత్తో ఉప్పు వేస్తే ఎందుకు సరిపోతుందంటే, వేసిన ప్రతిసారీ కూర నోట్లో పడుతుంది, ఎక్కువైతే ఇంట్లో అందరూ చెబుతారు, మర్నాడు చెయ్యి తగ్గుతుంది. మాకు కూర నోట్లో పడే దారే లేదు. నొక్కుతాం, రోగి అబ్బా అంటాడు లేదా అనడు, ఎన్ని కిలోలు పడిందో మాత్రం ఎప్పటికీ తెలియదు. అలా పాతికేళ్ళు చేస్తే వచ్చేది ధైర్యం, లెక్క కాదు.

ఇక ఎలా నేర్పాలో. దీనికి లక్షలు పెట్టి సెన్సార్ గ్లవ్స్, విదేశీ మిషన్లు తెప్పించనక్కర్లేదు. మెత్తగా తడిమే పనికి, బొటనవేలి పనికి పైన చెప్పిన వంటింటి తూకం చాలు, ఐదు కిలోలదో పది కిలోలదో నాలుగైదు వందలకు దొరుకుతుంది. మీద టవల్‌ గానీ స్పాంజి గానీ వేస్తే వేలికి ఒంటి మీద నొక్కినట్టు ఉంటుంది, తూకంలో తేడా రాదు, ఎందుకంటే పైన వేసిన బరువంతా స్పాంజి గుండా కిందికే దిగుతుంది. వెన్ను మీద చేసే పెద్ద ఒత్తిడికి మనం బరువు చూసుకునే మిషను కావాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఇప్పుడొచ్చే డిజిటల్ వాటిలో చాలావరకు ఒక అంకె చూపించి అక్కడే బిగుసుకుపోతాయి, కొద్ది బరువుకు అసలు వెలగనే వెలగవు. ముల్లు తిరిగే పాతకాలం స్ప్రింగు మిషను దీనికి మేలు, ఒత్తిడి పెరుగుతుంటే ముల్లు పెరుగుతూ, తగ్గుతుంటే తగ్గుతూ కళ్ళ ముందే ఆడుతుంది. జనం అటకెక్కించిన ఈ మిషన్లు ఎక్కడైనా దొరుకుతాయి.

మనిషి మీద నొక్కేటప్పుడు ఎలా కొలవాలి అంటారా? దానికీ అదే మిషను. నొక్కే పిల్లనే దాని మీద నిలబెట్టండి. అరవై కిలోల అమ్మాయి మిషను మీద నిలబడి, కౌచ్ మీద బోర్లా పడుకున్న స్నేహితురాలి నడుము మీద రెండు చేతులూ ఆనించి కిందికి నొక్కితే, తన బరువులో కొంత అవతలి మనిషి మీదికి పోతుంది, ముల్లు వెనక్కి వస్తుంది. ముల్లు 48 దగ్గర ఆగితే స్నేహితురాలి నడుము మీద పన్నెండు కిలోలు పడుతున్నట్టు. తొడలు కౌచ్‌కు ఆనించకూడదు, రెండు కాళ్ళూ మిషను మీదే ఉండాలి, ముందుకు నెట్టకుండా నిట్టనిలువుగా కిందికి నొక్కాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. మొదటిసారి ఇలా చేయించినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. మెయిట్‌లాండ్ గ్రేడ్ రెండు అని నమ్మి నొక్కుతున్న చేతి కింద పద్దెనిమిది కిలోలు కనబడేసరికి ఆ అమ్మాయి చటుక్కున చేతులు తీసేసింది. కౌచ్ మీద పడుకున్న అమ్మాయి అప్పుడు తలెత్తి, "అందుకేనా ఫస్టియర్ నుంచి నీకు నడుము ఇవ్వాలంటే నాకు టెన్షన్" అంది.

అంకె ఎప్పుడు చూపించాలన్నదే ఇందులో అసలు కీలకం. ఎప్పుడూ చూపిస్తూనే ఉంటే పిల్లలు వేలిని కాదు ముల్లును నమ్ముకుంటారు, ముల్లు తీసేసిన మర్నాడు మళ్ళీ మొదటికే వస్తారు. నైపుణ్యాలు నేర్చుకోవడం మీద 1980ల నుంచి జరిగిన పరిశోధనల్లో చాలావరకు చెప్పేది ఇదే, పని చేస్తుండగా ఇచ్చే సాయం ఆ పూటకు బాగుంటుంది కానీ నిలవదు. మొదట్లో ఒకటి రెండు రోజులు ముల్లు చూస్తూ నొక్కనివ్వండి. తర్వాత కళ్ళు మూసుకుని నొక్కి, తాను ఎంత అనుకుంటోందో నోటితో చెప్పి, అప్పుడు కళ్ళు తెరిచి చూడాలి. ఆ చెప్పడం ముఖ్యం, చెప్పకపోతే చూశాక "నేనూ అంతే అనుకున్నా" అంటారు. ఆ తర్వాత నాలుగైదు సార్లకు ఒకసారి మాత్రం అంకె చూపించాలి. అంకెల వరస కూడా కలగాపులగంగా ఉండాలి, ఒకటి రెండు మూడు అని ఎక్కుతూ పోతే ముందు నొక్కినదానికి కాస్త కలిపేస్తారు తప్ప గుర్తుంచుకుని నొక్కరు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, బొటనవేలు, మూడు వేళ్ళు, అరచెయ్యి, అన్నిటికీ విడివిడిగా. నెల రోజులు వదిలేసి మళ్ళీ పిలిచి చూడాలి.

ఒక సంగతి టీచర్లు గమనించాలి. ఎప్పుడూ కిలో ఎక్కువ నొక్కే పిల్లతో పెద్ద ఇబ్బంది లేదు, "నీది కిలో ఎక్కువమ్మా" అని చెబితే సర్దుకుంటుంది. రెండున్నర కిలోలు నొక్కమంటే ఒకసారి కిలోన్నర, ఒకసారి నాలుగు, ఒకసారి రెండు నొక్కే పిల్లకే ఎక్కువ సాధన కావాలి. సగటు తీస్తే రెండో అమ్మాయే రెండున్నర దగ్గరికి వచ్చి మంచి మార్కులు కొట్టేస్తుంది. సగటు చూసి మోసపోవద్దు, అంకెలు ఎంత చెదిరిపోతున్నాయో చూడండి.

"రోగి కండ స్పాంజి కాదు, ప్రతి మనిషికీ ఒకే బరువు పెడతారా" అని అడగబోతున్న వాళ్ళకు ముందే చెబుతున్నాను, పెట్టం. ఎవరికి ఎంత పెట్టాలన్నది వయసు, జబ్బు, ఆ రోజు నొప్పి, మొహం, శ్వాస చూసి తేల్చుకోవాల్సిందే. తేల్చుకున్నాక అనుకున్నంతే చేతిలోంచి రావాలి కదా, నేను అడిగేది అది. డెబ్భై ఏళ్ళ అమ్మమ్మ ఎముకలు గుల్లబారి ఉండొచ్చు, ఆమె వెన్ను మీద, పక్కటెముకల మీద ఐదు కిలోలకూ పదిహేను కిలోలకూ తేడా అంటే ఒక్క నొప్పి తేడానే కాదు, ఎముక విరగడానికి విరగకపోవడానికి తేడా కూడా కావచ్చు. రక్తం పలచబడే మందులు వాడే వాళ్ళకు కమిలిపోయి నల్లగా తేలుతుంది. షుగర్ వల్ల కాళ్ళు తిమ్మిరెక్కిన వాళ్ళు నొప్పి తెలియక ఏమీ అనరు, వాళ్ళ దగ్గర "రోగి చెబుతాడులే" అన్న నమ్మకం పనికిరాదు. పిక్క వాచి వేడిగా ఉన్న వాళ్ళను చూసినప్పుడైతే రక్తనాళంలో రక్తం గడ్డ కట్టిందేమో అనుకుని నొక్కడం, మర్దనా ఆపి ముందు డాక్టరు దగ్గరికి పంపాలి, అది వేరే విషయం.

మన జనం సంగతి కూడా రాయకపోతే ఉత్తరం ఒకవైపే అవుతుంది. హైదరాబాద్‌లో నొప్పంటే గట్టిగా ఒత్తించుకోవాలి, అంతే. పాతబస్తీ పహిల్వాన్ల దగ్గర, పుత్తూరు కట్టు బోర్డుల దగ్గర పెరిగిన అలవాటు, ఇప్పుడు ఐటీ పిల్లలకు స్పాలలో డీప్ టిష్యూ అంటూ కొత్త పేరుతో వచ్చింది. "గట్ల నిమిరితే ఏం తగ్గుతది బిడ్డా, జర గట్టిగ ఒత్తు, పైసలిస్తలేమా" అని పెద్దవాళ్ళే అంటారు. ఇంటర్న్ పిల్ల ఏం చేస్తుంది, మొహమాటానికి బరువు పెంచుతుంది, మర్నాడు ఆ పెద్దాయన లేవలేక ఫోన్ చేస్తాడు. నొక్కించుకునే వాళ్ళకు ఒకటే చెబుతున్నా, ఒత్తిడి ఎక్కువైతే మందు ఎక్కువైనట్టు కాదు. "ఇది నాలుగు కిలోలు నాన్నా, ఇవాళ్టికి ఇంతే" అని ఆ పిల్ల ధైర్యంగా చెప్పగలగాలంటే అది నాలుగు కిలోలేనని ముందు ఆమెకు తెలియాలి.

అడిగేది పెద్దదేం కాదు. 2021లో అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం వచ్చింది, ఆ కమిషన్ సిలబస్ సంగతి చూస్తోంది. మన దగ్గర బీపీటీ పరీక్షలు పెట్టేది కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ. ప్రాక్టికల్ పరీక్షలో ఒక్క పది నిమిషాలు దీనికి పెట్టండి. ఎగ్జామినర్ మూడు బరువులు చెబుతాడు, విద్యార్థి కళ్ళు మూసుకుని నొక్కుతాడు, అంకె చూసి మార్కులు వేస్తారు. వైవాలో లాగా మొహం చూసి వేసే మార్కులు కావివి, పైరవీకి చోటు లేదు (బహుశా అందుకే ఎవరికీ నచ్చకపోవచ్చు). పరీక్షలో ఉంటే కాలేజీ వాళ్ళే నేర్పుతారు, పరీక్షలో లేనిది మన దేశంలో ఎవరూ నేర్పరు. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే మెడ, నడుము లాగే ట్రాక్షన్ మిషను, నొప్పికి కరెంటు పెట్టే ఐఎఫ్‌టీ మిషను దుమ్ము దులిపి వరసగా పెట్టే కాలేజీలు వాటి పక్కన ఒక తూకం పెట్టలేవా? కమిషన్ కోసమో యూనివర్సిటీ కోసమో ఆగాల్సిన పని కూడా లేదు, మనసుంటే ఏ కాలేజీ అయినా వచ్చే సోమవారమే మొదలుపెట్టొచ్చు. క్లినిక్‌లు నడిపే నా తోటి వాళ్ళకూ అదే చెబుతున్నాను. పొద్దున కరెంటు మిషన్లు ఆన్ చేసే ముందు స్టాఫ్ అంతా ఒక్కొక్కరు రెండు నిమిషాలు నొక్కి చూసుకుంటే చాలు, మా దగ్గర ఇప్పుడు పిల్లలు పందేలు కూడా కాస్తున్నారు, ఓడినవాళ్ళు అందరికీ చాయ్ తెప్పించాలి.

తూకం కొన్న వాళ్ళు ఒకటి మరిచిపోవద్దు. స్ప్రింగు మిషన్లు వాడగా వాడగా సాగుతాయి, అంకె తప్పుతుంది. నెలకోసారి లీటరు నీళ్ళ సీసాలు రెండు వంటింటి తూకం మీద, ఇరవై లీటర్ల వాటర్ క్యాను పెద్ద మిషను మీద పెట్టి చూసుకోండి. లీటరు నీళ్ళంటే కిలో, సీసా బరువు, క్యాను బరువు ఖాళీగా ఉన్నప్పుడే విడిగా తూచి రాసి పెట్టుకుంటే సరి. తేడా వస్తే స్ప్రింగు మిషను వెనకాల గానీ పక్కన గానీ చిన్న చక్రం ఉంటుంది, దాన్ని తిప్పితే ముల్లు సున్నాకు వస్తుంది. సున్నాకు తెచ్చాక కూడా క్యాను బరువు తప్పు చూపిస్తుంటే ఆ మిషను పక్కన పెట్టేసి ఇంకోటి కొనుక్కోవడమే.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
మల్కాజిగిరి, హైదరాబాద్